అంకె పెరిగింది... ఆట?

1996లో అమెరికా చదరంగం రేటింగుల్లో రెండో స్థానం ఎవరిదో తెలుసా? వర్జీనియా జైల్లో యావజ్జీవ శిక్ష అనుభవిస్తున్న క్లాడ్ బ్లడ్‌గుడ్‌ది! రేటింగు 2,702. ఆడిందంతా దాదాపు తోటి ఖైదీలతోనే. కొత్త ఖైదీ రావడం, అతనికో రేటింగు రావడం, ఈయన చేతిలో ఓడటం... అలా పాయింట్లన్నీ ఒకే కుండలోకి చేరాయి.

మదనపల్లెలో మా అక్క కొడుక్కి ఈ కథ చెబితే పడీపడీ నవ్వాడు. వాడికి పన్నెండేళ్లు. నవ్వి ఫోను చూపించాడు. 'మామా, నాది 1,700 దాటింది సూడు!' చూశాను. గెలుపులన్నీ కొత్త ఖాతాల మీదే. ఒక్కొక్కటీ ఏడెనిమిది ఎత్తులకే చేతులెత్తేసింది. 'ఎవుర్రా వీళ్లంతా?' అంటే నేల చూపులు. అన్నీ వాడే. ఒక చేతిలో వాడి ఫోను, ఇంకో చేతిలో వాళ్లమ్మది!

తిడదామనుకున్నా కానీ, వాడి కష్టం చూస్తే జాలేసింది. హంగరీలో పుట్టి అమెరికాలో ఫిజిక్స్ బోధించిన ఆర్పాడ్ ఎలో లెక్కను అంతర్జాతీయ చదరంగ సమాఖ్య 'ఫిడే' 1970లో తీసుకుంది. దాని సూత్రం ఒక్కటే. సమ ఉజ్జీని గెలిస్తే పాయింట్లు, బాగా తక్కువవాణ్ని గెలిస్తే చిల్లర. వరసగా ఓడిన ఖాతా పాతాళానికి పడిపోతుంది. ఇక దాన్ని ఎంత పిండినా రసం రాదు. ఇంకోటి తెరవాలి. పైగా ఆన్‌లైన్‌లో వాడే గ్లికో పద్ధతి కొత్త ఖాతా మీద గెలుపును అంతగా నమ్మదు. దొరికితే అసలు ఖాతాకే ఎసరు. రెండు నెలల సెలవులు వాడు దీనికే పోశాడు!

పుంగనూరులో పిల్లలకు చదరంగం నేర్పే మాస్టారొకరు ఇది విని తేలిగ్గా తీసేశారు. 'పెంచుకునేవాడు పిచ్చోడు సార్. దించుకునేవాడే కేడీ!' అన్నారు. కావాలని ఓడి రేటింగు తగ్గించుకుని, చిన్నవాళ్ల విభాగంలో దూరి బహుమతి ఎగరేసుకుపోవడమన్నమాట. దీన్ని శాండ్‌బ్యాగింగ్ అంటారు. నాకూ అదే పెద్ద పాపమనిపించింది. అక్కడ నష్టపోయేది ఎదురుగా కూర్చున్న అమాయకుడు.

పెద్దవాళ్లూ తక్కువ తినలేదు. క్యాండిడేట్స్ టోర్నీ బెర్తు కోసం 2023 డిసెంబరులో అలీరెజా ఫిరూజా ఫ్రాన్స్‌లో హడావిడిగా మ్యాచ్‌లు ఏర్పాటు చేయించుకుంటే, వాటిని రేటింగుకి లెక్కించబోమంది ఫిడే. 2021లో ఆనంద్‌తో విరాళాల కోసం జరిగిన ఆన్‌లైన్ ఆటలో కంప్యూటర్ సాయం తీసుకున్నానని వ్యాపారవేత్త నిఖిల్ కామత్ ఒప్పుకున్నారు.

మావాడి సంగతి అంత దూరం పోలేదు గానీ, చిక్కు వేరే ఉంది. ఆ 1,700 చూసి మా అక్క చీటీ పాడి వాణ్ని చెన్నై కోచింగుకి పంపాలనుకుంది! 'అమ్మకి చెప్పొద్దు మామా' అన్నాడు. 'నేను చెప్పను. నువ్వే చెప్పు' అన్నాను.

చెప్పలేదు. కుప్పంలో ఒక ఆదివారం స్కూలు పిల్లల టోర్నీకి నాతో వచ్చాడు. మొదటి మూడు రౌండ్లూ ఓడిపోయాడు. అందులో ఒకటి నాలుగో తరగతి అమ్మాయి చేతిలో. నాలుగోది మాత్రం గంటన్నర కూర్చుని డ్రా చేశాడు. తిరుగు బస్సులో వి.కోట దాటేదాకా నోరు విప్పలేదు. పలమనేరులో బస్సు ఆగాక, 'మామా, ఆ గుర్రాన్ని ముందే ముందుకు తెచ్చుంటే గెలిచేవాణ్ని కదా?' అన్నాడు. మదనపల్లె చేరేదాకా అదే గోల.

ఇంటికెళ్లాక వాళ్లమ్మ ఫోను అందుకుని, లోపలికి వెళ్లి తలుపేసుకున్నారు ఇద్దరూ. చీటీ మాత్రం అక్క పాడలేదు.