దత్తశిశువును ఎచ్చటనుండి తెచ్చుకొనవలెను?

కన్నబిడ్డలు లేని కతోలిక దంపతులు దత్తత తలపెట్టినప్పుడు బంధువులు మొదట అడుగు ప్రశ్న యొక్కటియే: “కన్యస్త్రీల ఆశ్రమమునుండి తెచ్చుకొనుచున్నారా?” మా యింటను ఈ ప్రశ్న పుట్టినది. అందు తప్పేమియు లేదు. బిడ్డ జపమాల చెప్పుకొను చేతులలో కొన్నాళ్లయినను పెరిగియుండవలెనని కోరుట సహజమే. కాని ఈ కోరికకు చట్టమెంతవఱకు చోటిచ్చుచున్నది, మతము నిజముగా ఏమి కోరుచున్నది, అను రెండు విషయములను విడదీసి చూడవలసియున్నది.

మన దేశమున దత్తత చిరకాలము పుత్రునికొఱకును, పిండోదకములకొఱకును, ఆస్తికొఱకును ఏర్పడిన ఆచారము. 1956వ సంవత్సరపు హిందూ దత్తతల చట్టము క్రైస్తవులకు వర్తింపలేదు. వారికి 1890 నాటి సంరక్షకుల చట్టమే శరణ్యమయ్యెను. దానివలన దంపతులు సంరక్షకులు కాగలిగిరే కాని తల్లిదండ్రులు కాలేకపోయిరి. బిడ్డకు మైనారిటీ తీరగనే ఆ సంరక్షకత్వము ముగియుచుండెను, వారసత్వము లేకుండెను. పేరు పెట్టి పెంచిన బిడ్డ చట్టము యెదుట పరాయిదిగానే మిగిలెను. 2000 నాటి బాలన్యాయ చట్టమును, దానికి 2006లో జరిగిన సవరణయు ఈ యడ్డు తొలగించెను. ఏ మతమువారైనను దీని క్రింద దత్తత చేసికొనవచ్చునని 2014 ఫిబ్రవరిలో సుప్రీముకోర్టు స్పష్టపఱచెను.

అయితే, నచ్చిన ఆశ్రమమునకు పోయి ఉయ్యెలలు చూచి బిడ్డను ఎంచుకొను పద్ధతి యిప్పుడు లేదు. ‘కారా’ యను కేంద్రసంస్థవద్ద పేరు నమోదు చేయించుకొనవలెను. సాంఘిక కార్యకర్త యింటికి వచ్చి విచారించి నివేదిక వ్రాయును. ఏండ్లకొలది నిరీక్షించిన పిదప వరుస వచ్చినప్పుడు బిడ్డ వివరములు చూపుదురు. 48 గంటలలో ఆ బిడ్డను తమకు నిలుపుకొనవలెను. బిడ్డ ఏ సంస్థలో నున్నదో ఆ సంస్థతోనే మన పని. అది కన్యస్త్రీలది కావచ్చును; ప్రభుత్వ శిశుగృహమును కావచ్చును. మదర్ తెరెసా స్థాపించిన కన్యస్త్రీల సభవారు, ఒంటరివారికిని విడాకులు పొందినవారికిని బిడ్డలనిచ్చు నియమములు తమ అంతరాత్మకు సరిపడవని 2015లో దత్తత కార్యమునుండి తొలగిరి. వారి నిర్ణయమును మేము గౌరవింతుము. కాని కతోలిక గృహస్థులకు చేరువలోనున్న ద్వార మొకటి దానితో మూతపడెననుటయు నిజమే.

ప్రమాదము ఇచ్చటనే యున్నది. “మన విచారణలోని నర్సమ్మ యెఱిగిన పిల్ల యొకతె ప్రసవింపనున్నది, మనవారి బిడ్డయే, కాగితములెందుకు?” అని చెవిలో చెప్పువారు కలరు. ఈ మాట భక్తి వేషము వేసికొని వచ్చును. చట్టవిధానమును తప్పించి బిడ్డను పుచ్చుకొన్నవారికి 3 ఏండ్లవఱకు చెఱసాల గాని, లక్ష రూపాయల జరిమానా గాని, రెండును గాని విధింపవచ్చును. శిక్షకంటె ఘోరమైనది కన్నతల్లికి జరుగు అన్యాయము. 1999, 2001 సంవత్సరములలో తెలంగాణ ప్రాంతపు లంబాడీ తండాలనుండి ఆడశిశువులను స్వల్పధనమునకు కొని దత్తతసంస్థలకు చేర్చిన ఉదంతములు బయల్పడెను. బిడ్డను అప్పగించిన తల్లి మనసు మార్చుకొనుటకు చట్టము నేడు 60 దినముల గడువిచ్చుచున్నది. నర్సమ్మ చేతిమీదుగా వచ్చు బిడ్డ విషయమున ఆ తల్లికి ఆ గడువు ఎవరిత్తురు?

కనుక సంస్థవారిని అడుగవలసినవి ఇవి. తల్లి సమ్మతి స్వేచ్ఛగా వ్రాయబడినదా? దొరికిన బిడ్డయైనచో కన్నవారికొఱకు వెదకిరా? నియమితమైన రుసుమునకు మించి దానమని యేమైన కోరుచున్నారా? బిడ్డ పెద్దయై తన పుట్టుక తెలిసికొనగోరినచో కాగితములు భద్రముగా నుండునా? దేవుని యెదుటను నిలువదగిన ప్రశ్నలివియే.

మా యింటికి వచ్చిన కార్యకర్త కతోలికురాలు కాదు. గోడమీది తిరుహృదయ పటము చూచి, “బిడ్డ పెద్దయై ఈ ప్రార్థనకు రానన్నచో ఏమి చేయుదురండీ?” అని అడిగెను. బలవంతపెట్టము, మేము ప్రార్థన మానము, అంటిమి. ఆమె ఆ మాటను అట్లే వ్రాసికొనెను. మా విశ్వాసము నెఱిగినవా రెవ్వరును మమ్మంత సూటిగా అడిగియుండలేదు.

ఇక మతము సంగతి. 1983 నాటి తిరుసభ ధర్మశాస్త్రము, దేశచట్టము ననుసరించి దత్తత చేసికొనబడినవారిని పెంచుకొన్నవారి బిడ్డలుగనే యెన్నుచున్నది. బిడ్డ యే సంస్థనుండి వచ్చెనని అది అడుగదు. పూర్వమే జ్ఞానస్నానము జరిగినదా యను సంశయము విచారించినను తీరనిచో, షరతుతో నిచ్చు విధియు అందున్నది. 2022నుండి దత్తతాజ్ఞ యిచ్చువారు జిల్లా మేజిస్ట్రేటు. ఆ యాజ్ఞ చేతికి వచ్చిన పిదప బిడ్డను గుడికి తీసికొనిపోవుట మన పని. జ్ఞాన తల్లిదండ్రులను ఎంచుకొనుటయు, సంధ్యవేళ దీపము వెలిగించి ప్రార్థన నేర్పుటయు మన పనియే. దానిని సంస్థమీద పెట్టుట మన బాధ్యతను పరులకు అప్పగించుటయే యగును.

బాలయేసునకు పేరు పెట్టినవాడు పునీత జోజప్ప, కన్నవాడు కాడు. ఆయన చక్రవర్తి యాజ్ఞను మన్నించి జనాభా లెక్కలో పేరు వ్రాయించుకొనుటకు బెత్లెహేమునకు నడచిపోయెను. మన కతోలిక గృహస్థులును రాజమార్గముననే నడచి బిడ్డను తెచ్చుకొందురుగాక. సంస్థ ద్వారముమీద ఏ పునీతుని పేరున్నదో చూచుటకంటె, లోపల ఏ తల్లికిని అన్యాయము జరుగలేదని తెలిసికొనుట మేలు.