కొసలు లేని దండలు

పిల్లలూ, మీ ఇంట్లో పూసల దండలుంటే అమ్మ నడిగి ఒక పని చెయ్యండి. నాలుగైదు దండల కొక్కేలు విప్పి, ఒక డబ్బాలో వేసి బాగా కుదపండి. అన్నీ చిక్కుపడతాయి. అయినా ఓపికగా ఒక కొస పట్టుకుని లాగితే ఒక్కొక్క దండే జారి వచ్చేస్తుంది.

ప్లాస్టిక్కులోని అణువులు కూడా ఇలాంటి పొడుగాటి దండలే. వీటిని పాలిమర్లంటారు. కరిగిన ప్లాస్టిక్కులో ఇవన్నీ చిక్కుపడి ఉంటాయి. ఆ చిక్కులో ఒక అణువు కదిలేదెలా? పాములాగే! తల ఏ సందున దూరితే ఒళ్ళంతా ఆ దారినే పోతుంది. ఫ్రాన్సు దేశపు శాస్త్రజ్ఞుడు డి జెన్ 1971లో ఈ సంగతి చెప్పాడు. పాలిమర్ల మీద, ద్రవస్ఫటికాల మీద చేసిన కృషికి 1991లో ఆయనకు నోబెల్ బహుమానం వచ్చింది.

ఇది వింటూనే మా మేనకోడలు, "మరి దండకు కొక్కెం పెట్టేస్తేనో, మామయ్యా? తలా లేదు, తోకా లేదు. ఎలా పాకుతుంది?" అన్నది. నాకెంత సంతోషం కలిగిందో చెప్పలేను. పెద్ద పెద్ద శాస్త్రజ్ఞులు తలలు పట్టుకున్న ప్రశ్న సరిగ్గా ఇదే!

అలాంటి వలయాలు నిజంగానే ఉన్నాయి. మన పేగులలో ఉండే ఇ. కోలై అనే సూక్ష్మజీవి డి.ఎన్.ఏ. ఒక వలయమే. దాని చుట్టుకొలత సుమారు మిల్లీమీటరున్నర. దాన్ని లోపల దాచుకున్న జీవి పొడవో, మిల్లీమీటరులో ఐదువందలో వంతు!

ప్రయోగశాలలో అచ్చంగా వలయాలనే తయారుచేయటం చాలా కష్టం. విడిదండలు కొద్దిగా మిగిలిపోయినా చాలు, అవి వలయాలలో దూరి వాటి నడకనే మార్చేస్తాయి. 2008లో జరిగిన ప్రయోగాలలో ఇది బాగా తేలింది. కంప్యూటర్‌లో ఆ బెడద లేదు. అక్కడ దండలన్నీ లెక్కలే. పక్కపక్క పూసల మధ్య స్ప్రింగు ఉన్నట్టు అనుకుంటారు. ఒక పూస ఉన్న చోటికి మరొకటి రాకూడదు. ఒక దండ మరొక దండను కోసుకుపోకూడదు. ప్రతి పూసనూ ఎవరెంత లాగుతున్నారో, ఎవరెంత తోస్తున్నారో లెక్కగట్టి, దాన్ని రవంత జరుపుతారు. మళ్ళీ లెక్క, మళ్ళీ రవంత. ఇలా కోట్ల సార్లు!

2011లో హాల్వర్సన్, క్రెమర్ మొదలైనవారు 200 వలయాలతో ఈ పని చేశారు. వాటిలో పెద్ద వాటికి ఒక్కొక్క దానికి 1600 పూసలు. వలయాలు విడిదండలకంటే దగ్గరగా ముడుచుకున్నాయి. అంతే పొడుగున్న విడిదండలకంటే తేలికగా ప్రవహించాయి కూడా!

కాని వలయాలకూ ఒక చిక్కున్నది. ఒకటి ముడుచుకుని పక్కదాని నడిమినుంచి దూరుతుంది. అది వెనక్కు వస్తేగాని పక్కది స్వేచ్ఛగా కదలలేదు. 2016లో ఇంగ్లండులో మికియెలెట్టో, టర్నర్ అనే ఇద్దరు కంప్యూటర్‌లోని కొన్ని వలయాలను కదలకుండా ఉన్నచోటనే బిగించి చూశారు. బిగించని వలయాలు కూడా ఆగిపోయాయి! పైగా వలయం ఎంత పొడుగైతే అంత కొద్ది వాటిని బిగిస్తే సరిపోయింది. ఇంకా చాలా పొడుగైతే ఎవరూ బిగించకుండానే అన్నీ బిగుసుకుపోతాయని వారి ఊహ. అది తేల్చాలంటే మరెంతో పొడుగు వలయాలు కావాలి. వలయం పొడుగైన కొద్దీ అది కదిలే వేళ ఎన్నో రెట్లు పెరుగుతుంది. దానితోబాటే కంప్యూటర్‌కు లెక్కా పెరుగుతుంది.