పాత ఫైలు తెరుచుకోదు!

పెళ్లి శుభలేఖ చేతికి రాగానే ఎవరైనా ముందు చూసేది ముహూర్తం. ఆ తర్వాత విందు ఎక్కడన్నది. అందులోని అక్షరాలను ఏ సాఫ్ట్‌వేర్‌లో కూర్చారో ఎవరికీ పట్టదు. పట్టాల్సిన పనీ లేదు. కానీ, పాతికేళ్లుగా డీటీపీనే నమ్ముకున్న మనిషికి అదే అన్నం పెట్టే విషయం. ఏ సాఫ్ట్‌వేర్ కొనాలి? ఎప్పుడు కొత్త వెర్షన్‌కి మారాలి? అసలు మారకపోతే ఏమవుతుంది?

తెనాలిలో డీటీపీ సెంటర్ నడిపే ఒకాయన దగ్గర ఆ చివరి ప్రశ్నకి చాలాకాలం ఒకటే జవాబు ఉండేది... 'ఏమీ కాదు!'

1998లో షాపు తెరిచినప్పుడు ఆయనకున్నవి ఒక కంప్యూటరు, పేజ్‌మేకర్, కోరల్‌డ్రా, కొన్ని తెలుగు ఫాంట్లు. వీటిలో డబ్బిచ్చి కొన్నది కంప్యూటరొక్కటే. మిగతావన్నీ ఊరూపేరూ లేని సీడీలోంచి ఎక్కించినవి. కరపత్రాలు, శుభలేఖలు, కాలేజీ సావనీర్లు, కొత్త హోటల్ మెనూ కార్డులు... ఏళ్ల తరబడి అన్నీ వాటితోనే నడిచిపోయాయి. 'అప్‌గ్రేడ్' అన్న మాట ఆ షాపులో వినపడితే అది ర్యామ్ గురించే.

ఆ మధ్యలో బయటి ప్రపంచం చాలా దూరం వెళ్లిపోయింది. పేజ్‌మేకర్ చివరి వెర్షన్ 7.0 వచ్చింది 2001లో. అడోబీ అప్పటికే, 1999లోనే, ఇన్‌డిజైన్‌ని తీసుకొచ్చింది. మరి మనవాళ్లు అటు మారలేదేం? బద్ధకమనుకుంటే పొరపాటే. కారణం తెలుగు! అప్పటి డీటీపీ ఫాంట్లు యూనికోడ్‌వి కావు. తెరమీద కనిపించేది 'క' అయినా, కంప్యూటర్ లోపల దాచుకునేది ఏదో ఇంగ్లిషు అక్షరమో గుర్తో. ఆ ఫాంట్ తీసేస్తే మిగిలేది పిచ్చిరాతే. భారతీయ భాషలకు ఇన్‌డిజైన్ నేరుగా చోటిచ్చింది 2012లో, సీఎస్6 వెర్షన్‌తో. అప్పటిదాకా కుదురుగా సాగుతున్న పేజ్‌మేకర్‌ని వదులుకోవడానికి ఎవరికి మాత్రం మనసొప్పుతుంది?

ఆయన ధీమాకి గండికొట్టింది ఒక శతకం.

ఊళ్లోని రిటైర్డ్ తెలుగు మాస్టారు 2003లో వేయించుకున్న పుస్తకమది. నూరు పద్యాలు, ప్రతిదానికీ టీకాతాత్పర్యం. సహస్ర చంద్ర దర్శనం వేడుకలో బంధువులకి పంచడానికి మళ్లీ అచ్చు వేయిద్దామని పిల్లలు ముచ్చటపడ్డారు. మాస్టారి దగ్గర మిగిలిన ఒక్క ప్రతికీ చెద పట్టింది.

''నీ దగ్గర ఉంటుందిగా అబ్బాయ్, తీసి వేసెయ్!'' అన్నారు మాస్టారు.

''ఎందుకుండదు మాస్టారూ, మీ పుస్తకం పారేస్తానా'' అన్నాడాయన.

ఉంది. సీడీ మీద స్కెచ్ పెన్నుతో మాస్టారి పేరు, సంవత్సరం రాసి భద్రంగా ఉంది. కానీ ఆ ఫైలుని తెరిచే పాత కంప్యూటర్ మదర్‌బోర్డు కిందటి వర్షాకాలంలోనే పోయింది. పేజ్‌మేకర్ ఎక్కించిన సీడీ ఎక్కడుందో దేవుడికే తెలియాలి. అప్పట్లో ట్రేసింగ్ పేపరు మీద ప్రింటు తీసి ప్రెస్‌కి పంపేవారు కాబట్టి పీడీఎఫ్ కూడా లేదు.

హైదరాబాద్‌లో డిజైనింగ్ కోర్సు చేసి వచ్చిన కూతురు కొత్త ఇన్‌డిజైన్‌ని ట్రయల్‌గా దించుకుని ప్రయత్నించింది. తెరుచుకోలేదు. తెరుచుకోదు కూడా. పేజ్‌మేకర్ ఫైళ్లను చదివే ఏర్పాటు సీఎస్6తోనే ఆగిపోయింది. సరే, ఆ సీఎస్6నే కొందామంటే అది ఇప్పుడు అమ్మకానికి లేదు!

ఇక్కడే కాస్త వెనక్కి వెళ్లాలి. ఒకప్పుడు ఫొటోషాప్‌నైనా ఇన్‌డిజైన్‌నైనా డబ్బాలో కొనుక్కునేవారు. ఒకసారి డబ్బు కడితే ఆ వెర్షన్ మనది. కొత్తది వచ్చినప్పుడు పాతది ఉన్నవాళ్లకి తక్కువ ధర. అమెరికాలో ఫొటోషాప్ సీఎస్6 అసలు ధర 699 డాలర్లయితే, అప్‌గ్రేడ్‌కి 199 డాలర్లే. అవసరం లేదనుకుంటే ఒకటి రెండు వెర్షన్లు వదిలేసేవాళ్లూ ఉండేవారు. 2013 మే నెలలో అడోబీ ఆ పద్ధతికి స్వస్తి చెప్పింది. ఇకమీదట చందానే అంది. ఫొటోషాప్ ఒక్కదానికి అప్పట్లో అమెరికాలో నెలకి 19.99 డాలర్లు. వినడానికి తక్కువే. మూడేళ్లు లెక్కేస్తే దాదాపు 720 డాలర్లు... అంటే డబ్బా ధర దాటిపోయింది. పైగా డబ్బా అయితే మూడేళ్ల తర్వాతా పనిచేసేది. చందా ఆపితే షట్టరు దిగినట్టే. మనం చేసిన ఫైళ్లు మన దగ్గరే ఉంటాయి. వాటిని తెరిచే సాఫ్ట్‌వేర్ ఉండదు.

చందాలో మంచి లేదని కాదు. ఒకేసారి పెద్దమొత్తం పెట్టక్కర్లేదు. కొత్త సదుపాయాలు ఎప్పటికప్పుడు వస్తాయి. కాకపోతే చిన్న అక్షరాలు చదవాలి. ఏడాది ఒప్పందం మీద నెలనెలా కట్టే పద్ధతిలో, మొదటి 14 రోజులు దాటాక మానేస్తే, మిగిలిన నెలల సొమ్ములో సగం కట్టాల్సి వస్తుంది. ఈ సంగతి కొనేవాళ్లకి సరిగ్గా చెప్పడం లేదంటూ అమెరికా ప్రభుత్వం 2024 జూన్‌లో అడోబీ మీద దావా వేసింది.

''ఈ గోలంతా ఎందుకమ్మా, మళ్లీ ఓ సీడీ దొరక్కపోదుగా'' అన్నాడు తండ్రి.

''దొరుకుతుంది నాన్నా. కాపీరైట్ చట్టంలో దానికో సెక్షనూ దొరుకుతుంది.''

నిజమే. 63బి అనే సెక్షనుంది. దొంగ కాపీ అని తెలిసీ కంప్యూటర్లో వాడితే కనీసం ఏడు రోజుల నుంచి మూడేళ్ల వరకూ జైలు, 50 వేల నుంచి 2 లక్షల దాకా జరిమానా. లాభాపేక్షతో వాడలేదంటే కోర్టు దయతలచవచ్చు. కానీ, అది షాపాయె!

చివరికి శతకాన్ని కాపాడింది గుంటూరులో తెలిసినవాళ్ల ప్రెస్. 2012లో బిల్లుతో కొన్న సీఎస్6 అక్కడ ఓ మూల కంప్యూటర్లో ఉంది. బీరువా నిండా సరుకున్న తండ్రి, ఆ ఒక్క సీడీని సంచిలో పెట్టుకుని బస్సెక్కాడు. ఫైలు తెరుచుకుంది. పాత ఫాంట్లు వేయగానే పద్యాలు కళ్లముందు నిలిచాయి. ఆ సాయంత్రమే కూతురు మొత్తాన్ని యూనికోడ్‌లోకి మార్చింది. మార్చే సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి, అయితే వాటిని పూర్తిగా నమ్మడానికి లేదు. ఒత్తులు కొన్ని తారుమారయ్యాయి. అరసున్నలు కొన్ని మాయమయ్యాయి. పద్యంలో ఒక్క గురువు లఘువైనా మాస్టారు ఊరుకోరు. తండ్రీకూతుళ్లు మూడు రాత్రులు కూర్చుని దిద్దారు. ఒకరు చదవడం, ఒకరు చూడటం. పాతికేళ్లు ప్రూఫులు చూసిన కన్ను ముందు ఏ సాఫ్ట్‌వేరూ దిగదుడుపే!

ఇంతకీ ఏం కొన్నారు? కూతురు పెట్టిన పరీక్ష ఒకటే. ఏ సాఫ్ట్‌వేర్ అయినా ముందు ట్రయల్ తీసుకుని 'స్త్రీ', 'రాష్ట్రం', 'లక్ష్మి', 'స్వాతంత్ర్యం' కొట్టి చూడటం. ఒత్తు పక్కకి జరిగిందా, దాన్ని అక్కడే మూసేయడం. ఎంత చవగ్గా వచ్చినా సరే! డిజైనర్లు ఒకసారి కొనుక్కుని వాడుకునే అఫినిటీని 2024లో కాన్వా సంస్థ కొనేసింది, 2025 అక్టోబరు చివర్లో ఉచితంగా ఇచ్చేసింది. ఉచితమనగానే పరుగెత్తకుండా ఈ నాలుగు మాటలతో చూసుకోవడం తెలుగువాళ్లకి తప్పనిసరి.

శుభలేఖలకి ఆమె ఇంక్‌స్కేప్ ఎంచుకుంది. అది ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు, తెలుగునీ చక్కగా కూరుస్తుంది. ఫొటోల పనికి జింప్. పుస్తకం పని వచ్చిన నెలలో మాత్రం ఇన్‌డిజైన్‌కి ఒక్క నెల చందా. ఏడాది ఒప్పందంతో పోలిస్తే నెల ధర ఎక్కువే. అయినా ఏడాదికి వచ్చే పుస్తకాలు నాలుగైదే కాబట్టి లెక్క సరిపోయింది.

''చందా ఆపేశాక మళ్లీ మాస్టారొస్తే?'' తండ్రికి ఇప్పుడా భయం పట్టుకుంది.

అందుకే ప్రతి పుస్తకాన్నీ మూడు రూపాల్లో దాస్తోందామె. అచ్చుకి పీడీఎఫ్. దిద్దుబాట్లకి ఐడీఎమ్ఎల్... ఇది సీఎస్4 నుంచి ఏ ఇన్‌డిజైన్‌లోనైనా తెరుచుకుంటుంది, అఫినిటీలోనూ తెరుచుకుంటుంది. మూడోది, వట్టి యూనికోడ్ అక్షరాలు. ఇవి ఏ సాఫ్ట్‌వేరూ లేకపోయినా ఫోన్లో చదువుకోవచ్చు. బీరువాలోని పాత సీడీలను తండ్రి రోజుకి రెండు చొప్పున గుంటూరు పంపే మూటలో కడుతున్నాడు. ఆ సీఎస్6 కంప్యూటరు ఎన్నాళ్లుంటుందో మరి!

శతకం అనుకున్న రోజుకే వచ్చింది. శ్రీకృష్ణదేవరాయల ఆస్థాన కవి పేరున్న 'పెద్దన' ఫాంట్‌లో కూర్చారు. మాస్టారు కళ్లజోడు సవరించుకుని పేజీలు తిప్పారు. నలభై రెండో పద్యం దగ్గర ఆగారు.

''2003లో వచ్చిన అచ్చుతప్పు అట్టాగే ఉందేమిటయ్యా!''