అమ్మీ చీటీ

మా అమ్మీ ఆ చీటీని పెట్టె అడుగున, నికా చీర కింద దాచింది. దాని మీద హెర్పిస్ అని రాసుంది. ఆ మాట వినగానే ఖాలా నోటిమీద చెయ్యేసుకుని "తౌబా తౌబా" అంది. అంతే, అమ్మీకి షరమ్ పట్టుకుంది. అరవై రెండేళ్ల మనిషి, అబ్బా పోయి తొమ్మిదేళ్లు. ఎవరేమనుకుంటారోనని.

నిజానికి బీమారీ వచ్చింది కంటికి. పెదవి మీద పొక్కులు లేపే వైరసే ఇదీ. చాలామందికి చిన్నతనంలోనే, ఎవరో ముద్దుపెట్టుకుంటే అంటుకుంటుంది. నరాల మొదట్లో చప్పుడు చెయ్యకుండా పడుకుని ఎప్పుడో లేస్తుంది. అమ్మీకి మూడుసార్లు లేచింది. మూడోసారి నల్లగుడ్డు మీద మచ్చ పడి ఖురాన్ అక్షరాలు మసకబారాయి.

ఎసైక్లోవిర్ 400 మిల్లీగ్రాముల గోలీ, రోజుకు రెండు, ఏడాదిపాటు వెయ్యమన్నారు డాక్టర్ సాబ్. "రోజూ దవా మింగితే గుర్దాలు ఖరాబవుతాయి" అని ఎవరో అంటే మూడు నెలలకే మానేసింది. నాకూ చెప్పలేదు. నాలుగోసారి కన్ను ఎర్రబడ్డాకే తెలిసింది.

నేను కోపంగా వెళ్లాను. ఆయన మాత్రం అమ్మీ ఫికర్ గలత్ కాదన్నారు. ఈ మందు బయటికి పోయేది గుర్దాల గుండానే. అవి బలహీనంగా ఉంటే మోతాదు తగ్గించాలి, లేకపోతే పెద్దవాళ్లకు మతి తికమకవుతుంది. అందుకే ముందు క్రియాటినిన్ పరీక్ష, తర్వాత మళ్లీ మళ్లీ. గుర్దాలు బాగున్నవాళ్లు మాత్రం తిరగబెట్టే హెర్పిస్‌కి దీన్ని ఆరేళ్ల దాకా రోజూ వేసుకున్నా భద్రంగానే ఉందని తేలిందట. ఒంట్లో తాఖత్ ఉన్నవాళ్లలో వైరస్ మందుకి లొంగకపోవడం కూడా అరుదే.

కంటికే చేసిన పరీక్ష ఒకటుంది, అమెరికాలో, 1998లో అచ్చయింది. 700 మందికి పైగా. ఉత్త గోలీ వేసుకున్నవాళ్లలో 32 శాతం మందికి ఏడాదిలో తిరగబెట్టింది, అసలు మందు వేసుకున్నవాళ్లలో 19 శాతానికి. పూర్తి హామీ కాదు. కానీ అమ్మీకి ఉన్నవి రెండే కళ్లు కదా.

రమ్జాన్ సంగతీ అడిగాను. రిపోర్టు చూశాక, సెహరీకొకటి ఇఫ్తార్‌కొకటి వెయ్యొచ్చన్నారు, రాత్రిపూట నీళ్లు బాగా తాగాలి, నీరసంగా ఉంటే రోజా ఆపాలి అని షరతు పెట్టారు. అమ్మీ మొదటి మాట విని తలూపింది, రెండోది విననట్టే ఉంది.

ఇప్పుడు చీటీ పెట్టెలో లేదు. కరెంటు బిల్లుల సంచిలో, తలుపు వెనక వేలాడుతోంది. మొన్న ఖాలా వచ్చి తీసి చదివింది కూడా.