గొంతు దగ్గర ఆగాను

టెస్టోస్టెరాన్‌ని మగ హార్మోన్ అనడం ఎప్పుడు మానేస్తామో! నెలలో చాలా రోజులు ఆడవాళ్ల రక్తంలో ఈస్ట్రడయోల్ కంటే అదే ఎక్కువగా ఉంటుంది. అండాశయం ఈస్ట్రోజన్‌ని తయారుచేసేది కూడా ఈ జాతి హార్మోన్ల నుంచే. మనదాన్ని మగవాడి పేరుతో పిలిచి, తర్వాత అది కావాలంటే మనల్నే వింతగా చూస్తారు.

నాకది యాభై రెండో ఏట కావలసి వచ్చింది. వేడి ఆవిర్లూ నిద్రలేమీ ఈస్ట్రోజన్‌తో సర్దుకున్నాయి. పోయిన కోరిక మాత్రం రాలేదు. మన కథల్లో యాభై దాటిన స్త్రీకి మోకాళ్ల నొప్పులుంటాయి, మనవలుంటారు, కోరిక ఉండదు. మెల్‌బోర్న్‌లో ఉంటున్నాను కాబట్టి డాక్టర్ని అడగగలిగాను. స్త్రీల కోసమే తయారైన ఒక శాతం టెస్టోస్టెరాన్ క్రీముకి ఆస్ట్రేలియా 2020లో అనుమతి ఇచ్చింది. రోజుకి 5 మిల్లీగ్రాములు, అంటే మగవాళ్ల జెల్ మోతాదులో పదోవంతు.

డాక్టరు చెప్పిన దుష్ఫలితాలు: మొటిమలు, గడ్డం మీద వెంట్రుకలు, జుట్టు ఊడటం, క్లిటోరిస్ పెరగడం, గొంతు బొంగురుపోవడం. వైద్యభాషలో వీటిలో చాలావాటికి పురుషలక్షణాలని పేరు. నవ్వొచ్చింది. పసుపు రాసి, నలుగు పెట్టి, దారంతో లాగించి మనం తరతరాలుగా దాస్తున్న వెంట్రుకలు ఎవరివి మరి? మూడో నెలకి క్రీము రాసే తొడమీద నారుమడిలా లేచాయి. రాసే చోటు మార్చాను. గడ్డం మీద మూడొచ్చాయి, పీకేశాను. నా వరకూ ఇవి చిరాకే తప్ప హాని కాదు.

గొంతు అలా కాదు. అమ్మ దగ్గర నేర్చుకున్న సంగీతం నాకు వృత్తి కాదు, కానీ పొద్దున్నే పాడుకోకపోతే రోజు మొదలవదు. ఆరో నెలలో తారస్థాయి షడ్జం దగ్గర గొంతు గీరుకోవడం మొదలైంది. టెస్టోస్టెరాన్ స్వరతంతువుల్ని మందం చేస్తుంది. మోతాదు మించితే గొంతు కిందికి దిగుతుంది, మందు ఆపినా తిరిగి రాకపోవచ్చు. రక్తపరీక్షలో నా స్థాయి స్త్రీలకు ఉండాల్సిన హద్దు కంటే కొంచెం పైన ఉంది. ముట్లుడిగాక ఎలాగూ గొంతు కొంత తగ్గుతుంది కాబట్టి ఇది వయసు పనో క్రీము పనో డాక్టరు తేల్చలేకపోయింది. కోరిక తిరిగొచ్చింది, గొంతు పోతోంది. రెండూ నావే. మోతాదు సగం చేయించుకున్నాను.

2004లో స్త్రీల టెస్టోస్టెరాన్ పట్టీ అమెరికాలో పరిశీలనకి వచ్చినప్పుడు, దీర్ఘకాల భద్రత గురించిన సమాచారం చాలదని సలహాసంఘం ఒప్పుకోలేదు. సరే, న్యాయమే. కానీ 2019లో అంతర్జాతీయ వైద్య సంఘాలు కలిసి ఇచ్చిన ప్రకటనలోనూ అదే మాట! ముట్లుడిగిన స్త్రీలలో కోరిక లేమికి తప్ప దేనికీ రుజువు లేదు, రెండేళ్లు దాటి వాడితే ఏమవుతుందో చెప్పే పరీక్షలు లేవు. పదిహేనేళ్లు గడిచినా ఆ లోటు తీరలేదు.

ముట్లు ఆగినంతమాత్రాన ఈ హార్మోన్ ఒక్కసారిగా పడిపోదు. అండాశయాలు తీసేస్తే మాత్రం దాదాపు సగం పోతుంది. ఇది చదివినప్పుడు గుంటూరు దగ్గర పల్లెలో ఉన్న మా పిన్ని గుర్తొచ్చింది. తెల్లబట్ట అవుతోందని వెళ్తే ముప్పై నాలుగో ఏట గర్భసంచితోపాటు అండాశయాలూ తీసేశారు. ఆమె ఒక్కతే కాదు. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశంలో 3.2 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం.

ఫోన్ చేశాను.

"గొంతేంటే అలా ఉంది, జలుబా?" అంది.

క్రీము సంగతి చెప్పాను. ఆపరేషనప్పుడు అండాశయాలు కూడా తీస్తామని నీకు చెప్పారా పిన్నీ అని అడిగాను.

"నాకెవరు చెప్తారే? సంతకం మీ బాబాయి పెట్టాడు. తర్వాత ఒళ్లంతా మంటలు. మిగతావి ఎవరితో చెప్పుకుంటాం, నా మనసే చచ్చిపోయిందనుకున్నా."

కాసేపు ఇద్దరం మాట్లాడలేదు.

"ఆ క్రీము పేరేంటన్నావు?" అంది.