పరుగు సరే... తలనొప్పి సంగతి?

తెల్లవారుజామున ఐదింటికి తాడేపల్లిగూడెంలో ఎయిర్‌పోర్టు దగ్గర దించమంటే ఆటోవాలా ఏమీ ఆశ్చర్యపోడు. విమానం ఎక్కడానికి కాదని అతనికి తెలుసు. అక్కడ విమానాలే లేవు. ఉన్నదల్లా రన్‌వే... రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో బ్రిటిష్‌వాళ్లు వేసింది. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖ మీదా కాకినాడ మీదా బాంబులు కురిపించి వెళ్లాయి. కోస్తా అంతా గుండె చేతపట్టుకుని బతికిన కాలమది. యుద్ధం అయిపోయింది. చదునైన ఆ దారి ఊరికి మిగిలింది.

ఇప్పుడక్కడ షుగరు ఉన్నవాళ్లు చేతులూపుకుంటూ నడుస్తారు. స్కూటీ నేర్చుకునేవాళ్లు వంకరటింకరగా పోతుంటారు. వాళ్లను తప్పించుకుంటూ కుర్రాళ్లు పరుగెడుతుంటారు, ఆర్మీకనీ పోలీసుకనీ. ఇందులో వింతేం లేదు. ఇదే మండలంలోని మాధవరానికి ‘మిలటరీ మాధవరం’ అని పేరు. రెండు ప్రపంచ యుద్ధాలకూ మనుషుల్ని పంపిన ఊరది. పరుగెత్తేవాళ్లలో ఏ ఒక్కరో ఇద్దరో తల పైకెత్తి చూస్తారు. వాళ్ల కల నేల మీద ఉద్యోగం కాదు. ఎన్‌డీఏ రాసి, వైమానిక దళంలో పైలట్ కావాలని. 2022 నుంచి ఎన్‌డీఏలోకి ఆడపిల్లల్నీ తీసుకుంటున్నారు కాబట్టి, ఆ కల ఇప్పుడు అన్నాచెల్లెళ్లిద్దరిదీ.

ఎత్తు 162.5 సెంటీమీటర్లు ఉండాలని వాళ్లకు తెలుసు. చూపు సంగతి తెలుసు. కాళ్ల పొడుగు కొలుస్తారనీ తెలుసు. కొలవలేనిది ఒకటుంది. ‘నీకు తలనొప్పి వస్తుందా?’ అన్న ప్రశ్న.

మన ఇళ్లలో పార్శ్వనొప్పికి కాఫీ, కణతలకు అమృతాంజనం, చీకటి గది. అంతటితో సరి. వైమానిక దళం వైద్య నిబంధనలు మాత్రం అంత తేలిగ్గా తీసుకోవు. అప్పుడప్పుడూ వచ్చిపోయే మామూలు తలనొప్పికి అభ్యంతరం లేదు. కానీ డాక్టరు దగ్గరకు పరుగెత్తాల్సినంత తీవ్రంగా మైగ్రేన్ వచ్చిందంటే సాధారణంగా తిరస్కరించమనే చెబుతాయి. చూపు చెదిరే రకమైతే జీవితంలో ఒక్కసారి వచ్చినా చాలు, తలుపు మూసుకున్నట్టే.

ఎందుకంత పట్టుదల? ఆ సంగతి తెలియాలంటే కొల్లేరు వెళ్లాలి.

గూడెం నుంచి పిప్పర, గణపవరం మీదుగా ఆకివీడు. ఉప్పుటేరు దాటితే కైకలూరు, పక్కనే ఆటపాక. దారంతా చేపల చెరువులే. ఆటపాకలో అటవీశాఖ వేసిన ఇనుప స్టాండ్ల మీద గూడబాతులు, అదే పెలికాన్లు, గూళ్లు కట్టుకుని కాపురం చేస్తుంటాయి. ఐదు కిలోల బరువున్న పక్షి, రెక్క ఆడించకుండా వేడిగాలి మీద గుండ్రంగా తేలుతూ పైకి పోతుంటే అలా చూస్తూ ఉండిపోతాం. మధ్యాహ్నం పన్నెండుకు మాత్రం నీళ్లవైపు చూడలేం. ఎండ వెయ్యి అద్దాలై కళ్లలో గుచ్చుతుంది. మైగ్రేన్ ఉన్నవాళ్లు అలాంటి వెలుగంటేనే భయపడతారు. ఎండ తళుకు, తిండి తప్పడం, నిద్ర చాలకపోవడం, నీళ్లు తాగకపోవడం... నొప్పిని పిలిచేవి ఇవే. యుద్ధ విమానం నడిపేవాడి దినచర్యలోనూ ఇవే ఉంటాయి.

కొందరికి నొప్పికంటే ముందే చూపులో మెరుపు గీతలు మొదలవుతాయి. రంపపు పళ్లలాంటి వెలుగు మెల్లగా పాకుతుంది. దాని వెనకాల చూపు ఖాళీ అయిపోతుంది. మెదడు పైపొరలో విద్యుత్ అలజడి నిమిషానికి సుమారు మూడు మిల్లీమీటర్ల చొప్పున పాకడం వల్ల జరిగే తంతు ఇది. ఐదు నిమిషాలు ఉండొచ్చు, గంటా ఉండొచ్చు. గట్టు మీద కూర్చున్నవాడికి ఫరవాలేదు. గంటకు 800 కిలోమీటర్ల వేగంతో పోయే విమానం ఇరవై నిమిషాల్లో 260 కిలోమీటర్లు దాటేస్తుంది. ఎదుట ఉన్న మీటర్లలో సగం కనిపించకుండా!

మందులు లేవా అంటే ఉన్నాయి. ప్రొప్రనలాల్ గుండె వేగాన్ని తగ్గిస్తుంది. విమానం గిరుక్కున తిరిగేటప్పుడు నెత్తురు కాళ్లలోకి దిగిపోకుండా పైకి తోయాల్సింది ఆ గుండే. టోపిరమేట్ కొందరిలో ఆలోచనను మందగింపజేస్తుంది. రోగికి మేలు చేసేదే పైలట్‌కు అడ్డమవుతుంది.

అయితే ఒకసారి రెక్కలు తొడిగాక లెక్క కాస్త మారుతుంది. సర్వీసులో ఉన్న పైలట్‌కు మైగ్రేన్ వస్తే వైద్య కేటగిరీ తగ్గించి, నేల మీద ఉంచి గమనిస్తారు. బెంగళూరులో 1957లో ఏర్పడిన ఏరోస్పేస్ మెడిసిన్ సంస్థ లాంటిచోట పరీక్షలు చేస్తారు. అమెరికా వైమానిక దళంలోనూ శిక్షణ పూర్తయినవాళ్ల విషయాన్ని ఎవరిది వారిదిగా పరిశీలించి మినహాయింపు ఇచ్చే పద్ధతి ఉంది. కోట్లు పోసి తయారుచేసిన పైలట్‌ను వదులుకోవడం ఎవరికైనా కష్టమే. గూడెం రన్‌వే మీద పరుగెత్తే పిల్లకు ఆ దయ లేదు. పైగా మైగ్రేన్ ఆడవాళ్లలో మగవాళ్లకంటే సుమారు మూడు రెట్లు ఎక్కువ.

ఇక్కడే ఒక చిక్కుంది. డాక్టరు దగ్గరకు వెళ్లడమే తీవ్రతకు కొలబద్ద అయినప్పుడు, ‘ఆసుపత్రికి వెళ్లకు, చీటీ మిగులుతుంది’ అనే బుద్ధి ఇంట్లోవాళ్లకే పుడుతుంది. నొప్పిని దాచడం అలా మొదలవుతుంది. నిబంధన ఉద్దేశం మంచిదే, అది నేర్పే పాఠమే మంచిది కాదు.

కైకలూరు నుంచి కొల్లేరు మధ్యగా ఏలూరు చేరేసరికి ఈ చీటీల విషయం ఇంకోలా కనిపిస్తుంది. బుడమేరు పొంగితే మునిగిపోయే రోడ్డు అది. అటు చివర ఉన్న ఈ ఊరు 2020 డిసెంబరును మరిచిపోలేదు. వన్‌టౌన్‌లో మొదలై, పెద్దా చిన్నా ఉన్నట్టుండి పడిపోయారు. మూర్ఛ, తలనొప్పి, వాంతులు. ఐదు వందల మందికి పైగా ప్రభుత్వాసుపత్రికి చేరారు. ఎయిమ్స్ పరీక్షల్లో కొందరి రక్తంలో సీసం, నికెల్ కనిపించాయి. ఆనాడు పదేళ్లున్న పిల్లలు ఎన్‌డీఏ వయసుకు వస్తున్నారు. పైలట్ దరఖాస్తుకు మూర్ఛ చరిత్ర మైగ్రేన్‌కంటే పెద్ద అడ్డంకి. అలాంటి ఇంట్లో ఆనాటి కేస్ షీట్ చింపేయాలా, భద్రంగా దాచాలా? దాచడమే మేలు. ఊరంతా ఒకేసారి పడిపోయిన వారంలో వచ్చిందని చెప్పడానికి ఉన్న సాక్ష్యం ఆ కాగితమే. దాన్ని ఎంతవరకు లెక్కలోకి తీసుకుంటారన్నది బోర్డు ఇష్టం.

తలనొప్పి విషయంలోనూ అంతే. ప్రతి తలనొప్పీ మైగ్రేన్ కాదు. సైనస్ కావచ్చు, కళ్లద్దాలు సరిపోకపోవడం కావచ్చు. ఇంటర్లో ఉండగానే న్యూరాలజిస్టుకు చూపించుకుంటే అసలు సంగతి తేలుతుంది. బోర్డు కాదన్నా అప్పీలు మెడికల్ బోర్డు ఉంది. నిజంగా మైగ్రేనే అని తేలితే... ఆ మాట పంతొమ్మిదేళ్లకు బెంగళూరులో వినేకంటే పదహారేళ్లకు ఏలూరులో వినడం నయం. దారి మార్చుకోవడానికి మూడేళ్లు మిగులుతాయి.

సాయంత్రం ఐదున్నరకు గూడెంలో ఎండ చల్లబడుతుంది. రన్‌వే మీద మళ్లీ స్కూటీలు, మళ్లీ పరుగులు. కొల్లేరువైపు పోయే కొంగల వరుస ఒకటి పైనుంచి వెళ్తుంది. ఆ ఒకరిద్దరు తల ఎత్తి చూస్తారు.