నాన్న చెప్పని పాఠం

శ్రీకాళహస్తి బోర్డు హైస్కూల్లో ఓ మాస్టారి దగ్గర టేపు రికార్డరు ఉండేది. ఇంటింటా రేడియో కూడా లేని కాలం. తన విద్యార్థుల్లో బాగా పాడే ఓ కుర్రాణ్ని పిలిచి, ‘చెంచులక్ష్మి’ సినిమాలో సుశీల పాడిన పాటను పాడించి ఆయన రికార్డు చేశారు. మీట నొక్కగానే పెట్టెలోంచి తన గొంతు తనకే వినిపించింది! ఆ రోజు ముచ్చటను ఆ కుర్రాడు పెద్దయ్యాక కూడా తలుచుకునేవాడు. అతని పేరు శ్రీపతి పండితారాధ్యుల బాలసుబ్రహ్మణ్యం.

ఆ గొంతుకు మూలం ఎక్కడుందో వెతకాలంటే బడి దాటి ఇంట్లోకి వెళ్లాలి. తండ్రి సాంబమూర్తి హరికథకులు. కాళ్లకు గజ్జెలు, చేతిలో చిడతలు, మెడలో పూలదండ... ఒక్క మనిషే రాముడవుతాడు, మరు నిమిషంలో రావణుడవుతాడు, జనం కునుకుతున్నారనిపిస్తే పిట్టకథ చెప్పి నవ్విస్తాడు. పద్యం, పాట, వచనం అన్నీ ఒక్క గొంతులోనే పలకాలి. అలాంటి ఇంట్లో పెరిగే పిల్లాడికి రాగాల పేర్లు ఎవరూ చెప్పనక్కర్లేదు. ఏ రాగం వినిపిస్తే సీతమ్మ కష్టం మొదలవుతుందో, ఏది వినిపిస్తే పెళ్లిపందిరి వేస్తారో చెవికే తెలిసిపోతుంది.

విచిత్రం ఏమిటంటే, ఆ తండ్రి కొడుకును పాటగాణ్ని చెయ్యాలనుకోలేదు. ఇంజినీరును చెయ్యాలనుకున్నారు. కళను నమ్ముకున్న ఇంట్లో నెలాఖరు ఎలా గడుస్తుందో తెలిసిన మనిషి కోరుకునే కోరికే అది. ఎదురుగా కూర్చోబెట్టుకుని సరళీ స్వరాలు చెప్పించలేదు. కొడుకే నాన్నను చూస్తూ హార్మోనియం మెట్లు నొక్కాడు, పిల్లనగ్రోవి ఊదాడు. వద్దన్న పని కన్నా చెప్పకుండా వదిలేసిన పని మీదే పిల్లలకు మక్కువ ఎక్కువని పెంచినవాళ్లందరికీ తెలుసు కదా!

బాలు పుట్టింది 1946లో, ఇప్పుడు తమిళనాడులో ఉన్న కోనేటమ్మపేటలో. చిన్న చదువు నగరిలో, మేనమామ ఇంట్లో. స్కూలు ఫైనలు శ్రీకాళహస్తిలో, పీయూసీ తిరుపతిలో. అంటే గొంతు విచ్చుకునే వయసంతా చిత్తూరు సీమలోనే గడిచింది. ఆ తర్వాత నాన్న కోరినట్టే అనంతపురంలో ఇంజినీరింగు. టైఫాయిడ్ రావడంతో చదువు మధ్యలో ఆగింది. ఈలోగా పోటీల్లో పాడటం మాత్రం మానలేదు. గూడూరులో ఓ పోటీకి ముఖ్య అతిథిగా వచ్చిన ఎస్.జానకి, రెండో బహుమతి వచ్చిన ఈ కుర్రాడికే మొదటిది ఇవ్వాల్సిందన్నారు. సినిమాల్లో ప్రయత్నించమనీ చెప్పారు. ఆ మాట నమ్మలేకపోయానని బాలు ఎన్నో సభల్లో చెప్పుకున్నారు. 1964లో మద్రాసు పోటీలో విన్న సంగీత దర్శకుడు కోదండపాణి, 1966లో ‘శ్రీశ్రీశ్రీ మర్యాద రామన్న’తో తొలి పాట పాడించారు. చెల్లెలు శైలజ కూడా గాయనే అయ్యారు. ఒకే ఇంట్లో ఇద్దరంటే అది కాకతాళీయం అనుకోవడం కష్టం.

అయితే శిక్షణ లేని లోటు లేకపోలేదు. ‘శంకరాభరణం’ పాటలు పాడాల్సి వచ్చినప్పుడు బాలు వెనకాడారు. శాస్త్రీయ సంగీతం నేర్చుకోలేదు, మరి విద్వాంసుడి పాత్రకు పాడటం ఎలా? మహదేవన్ సహాయకుడు పుహళేంది దగ్గరుండి ఒక్కో సంగతీ సాధన చేయించారు. ఆ పాటలకు తొలిసారి జాతీయ పురస్కారం వచ్చింది. గురువు పాఠం చెప్పాడు సరే, ఆ పాఠం అంత తొందరగా నాటుకోవడానికి నేలను దున్నిపెట్టిందెవరు? హరికథ చెప్పిన తండ్రే అనుకోవాలి.

అందరు తండ్రులూ అలా తప్పుకోలేదు. 1898లో పుంగనూరులో పుట్టిన చిత్తూరు సుబ్రహ్మణ్య పిళ్లై తండ్రి పేరయ్య కూడా హరికథకులే. తొలి పాఠాలు ఆయనే చెప్పారు. ఆపైన కొడుకు కాంచీపురం నయినా పిళ్లై శిష్యుడై, లయ మీద పట్టుకు పేరుపడి, 1954లో సంగీత కళానిధి అయ్యారు. తిరుపతి సంగీత కళాశాలకు ప్రిన్సిపాలుగానూ పనిచేశారు. ఆ కళాశాల 1959 నాటిది. ఇప్పుడు ఊళ్లో ఏ సంగీతం క్లాసు ముందు చూసినా సాయంత్రం వేళ స్కూటర్ల మీద ఎదురుచూసే అమ్మానాన్నలు కనిపిస్తారు. వాళ్లలో కొందరు తాము నేర్చుకోలేకపోయింది పిల్లలకైనా దక్కాలని వచ్చినవాళ్లు. లోపలి నుంచి వినిపించే వరసను వాళ్లూ తమకు తెలియకుండానే సన్నగా అందుకుంటుంటారు. ఇంటికెళ్లాక కూడా అలా పాడుకుంటే ఆ పిల్లలకు ఫీజు కట్టక్కర్లేని క్లాసు మరొకటి దొరికినట్టే!

తిరుపతివాళ్లకు ఈ సంగతి కొత్తేమీ కాదు. కొండ మీద ఆరు వందల ఏళ్ల నాడే ఓ ఇల్లు చేసి చూపించింది. తాళ్లపాక అన్నమాచార్యుడు 1424 నుంచి 1503 దాకా సంకీర్తనలు చెప్పాడు. భార్య తిమ్మక్క ‘సుభద్రా కల్యాణం’ రాసింది. కొడుకు పెద తిరుమలాచార్యుడు, మనవడు చిన తిరుమలాచార్యుడు కూడా సంకీర్తనలు కట్టారు. పెద తిరుమలయ్య అక్కడితో ఆగలేదు. నాన్న పాటలు తాటాకుల మీద ఉంటే చెదలపాలవుతాయనుకున్నాడో ఏమో, రాగిరేకుల మీద చెక్కించి ఆలయంలోని సంకీర్తన భాండారంలో భద్రపరిపించాడు. రెండు వేలకు పైగా రేకులు! 1922లో అవి వెలుగు చూశాక, వేటూరి ప్రభాకరశాస్త్రి, రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ వంటి పండితుల చేతుల మీదుగా అచ్చుకెక్కి, మళ్లీ పాటలయ్యాయి. ముప్ఫై రెండు వేలు రాశాడంటారు. దొరికినవి అందులో సగం కూడా లేవు. కొడుకు రాగి మీద చెక్కించకపోయి ఉంటే అవైనా ఉండేవా?

చిన తిరుమలయ్య కథ ఇంకా చిత్రం. సంకీర్తన అంటే ఎలా ఉండాలో తాత సంస్కృతంలో ఓ లక్షణ గ్రంథం రాశాడు. తండ్రి దానికి వ్యాఖ్య రాశాడు. మనవడు అదే విషయాన్ని ‘సంకీర్తన లక్షణము’ అని తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. తాత పుస్తకం దొరకలేదు. తండ్రి వ్యాఖ్యా దొరకలేదు. తాత ఏమన్నాడో ఇవాళ తెలుసుకోవాలంటే మనవడి పుస్తకమే తెరవాలి.